తెల్లాపూర్ తర్వాత ఏ ఊరు?

2025 డిసెంబరులో సంగారెడ్డి జిల్లా పల్లెలు కొత్త సర్పంచులను ఎన్నుకున్నాయి. మూడు విడతల పోలింగు, డప్పులు, ఊరేగింపులు, ఓడినవారి అలకలు అన్నీ మామూలే. సరిగ్గా ఆ నెలలోనే ఇదే జిల్లాలోని తెల్లాపూర్, అమీన్‌పూర్, బొల్లారం పురపాలికలను ప్రభుత్వం హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో విలీనం చేసింది. నగరం చుట్టూ ఉన్న 27 పురపాలికలను ఒక్క దెబ్బతో కలిపివేసిన నిర్ణయమది. జిల్లాలో ఒక మూల ఊళ్లు తమ పెద్దను తాము ఎన్నుకుంటుండగా, మరో మూల ఊరు అన్న మాటే కాగితాల మీద నుంచి చెరిగిపోయింది.

తెల్లాపూర్ వారు చివరిసారి సర్పంచికి ఓటు వేసింది 2013లో. 2018లో తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్, ఈదులనాగులపల్లి, వెలిమెల కలిపి పురపాలికగా ఏర్పడ్డాయి. 2020 జనవరిలో కౌన్సిలర్లు వచ్చారు. 2025 జనవరికి వారి గడువు తీరింది. ఈలోగా 2024లో ఔటర్ రింగు రోడ్డు పరిధిలోని 51 పంచాయతీలను పక్క పురపాలికల్లో కలిపినప్పుడు ముత్తంగి, పోచారం వంటి ఊళ్లూ ఇందులోకి వచ్చాయి. తర్వాత ప్రత్యేకాధికారి పాలన, ఆ వెంటనే మహానగరం. పంచాయతీ నుంచి మహానగరానికి ఏడున్నరేళ్లు పట్టింది. పుట్టిన పిల్లవాడు రెండో తరగతికి వచ్చేలోగా ఊరికి మూడు రకాల పాలనలు మారాయి.

లింగంపల్లి దాటాక వికారాబాద్ లైనులో మొదట వచ్చే స్టేషను తెల్లాపూర్. చెరువు కింద వరి, మిట్ట మీద జొన్న, కంది, పశువులు, పాలు: ఇదీ ఆ ఊరి బతుకు. 1960లలో పక్కనే రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ సుమారు 3,400 ఎకరాల్లో నెలకొన్నది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద ప్రపంచమంతటికీ పనికొచ్చే పరిశోధన అక్కడ జరుగుతోంది. ఆ కంచెకు ఇవతలనే జొన్నచేలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయన్నది వేరే సంగతి. ఈ రెండు సంస్థలు వచ్చినా తెల్లాపూర్ మాత్రం పల్లెగానే మిగిలింది. కొందరికి కర్మాగారంలో కొలువు దొరికింది. కొందరు పాల క్యాన్లు సైకిలుకు కట్టుకొని కాలనీకి వెళ్లి అమ్ముకొచ్చారు. కొలువు దొరికినవాడూ సెలవునాడు పొలానికి వెళ్లేవాడు.

అసలు మార్పు రోడ్డుతో వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డులో తొలి భాగం 2008లో తెరిచారు. గచ్చిబౌలి వైపు నుంచి కొల్లూరు మీదుగా పటాన్‌చెరుకు దారి పడగానే, గంట దూరంలో ఉన్న ఊరు పావుగంట దూరంలోకి వచ్చింది. అంతకుముందే నగరాభివృద్ధి సంస్థ తెల్లాపూర్‌లో సుమారు 400 ఎకరాలను టెక్నోసిటీ పేరిట వేలం వేసింది. దేశ విదేశాల కంపెనీలు కలిసి అక్కడ పట్నం కడతామన్నాయి. 2008లో ప్రపంచమంతా డబ్బుకు కటకటలాడింది. ఆ పట్నం అనుకున్నట్టు లేవలేదు. కానీ ఆ వార్తే చాలింది. టెక్నోసిటీ రాకముందే దాని పేరు చెప్పి చుట్టుపక్కల భూములకు బయానాలు పడ్డాయి.

ఎకరం రెండెకరాలున్న రైతుల్లో చాలామంది భూమి చేజార్చుకున్నది ఆ తొలి రోజుల్లోనే. కూతురి పెళ్లి, బోరు ఎండిపోవటం, అన్నదమ్ముల పంపకాలు, ఆస్పత్రి ఖర్చు: కారణాలు ఎప్పుడూ ఉండేవే. అప్పటికి ఆ ధర పెద్దదే. ఆ మొత్తంతో ఇల్లు కట్టారు, కారు కొన్నారు, చుట్టాలకు చేబదులిచ్చారు. పదేళ్లు తిరిగేసరికి అదే చేనులో ముప్పై అంతస్తులు దాటిన భవనాలు లేచాయి. 2023 ఆగస్టులో దగ్గరి కోకాపేటలో ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిన నాడు, ముందే అమ్ముకున్న కుటుంబాల్లో ఎలాంటి మాటలు దొర్లి ఉంటాయో ఊహించటం కష్టం కాదు. వారిని తెలివితక్కువవారని ఇప్పుడు అనటం తగదు. మాస్టరు ప్లాను ఏమిటో, రోడ్డు ఎటు పోతుందో, ఏ సర్వే నంబరు ఏ జోనులో పడిందో కొన్నవారికి తెలుసు, అమ్మినవారికి తెలియదు. బేరం అక్కడే ఒక పక్కకు ఒరిగింది.

ఇంతకూ ఊళ్లో ఇప్పుడు నడుస్తున్న వ్యాపారం ఏమిటి? ట్రాక్టర్లు ఉన్నాయి, నాగలి పోయి వెనుక నీళ్ల ట్యాంకు తగిలింది. ఎరువుల దుకాణం ఉండాల్సిన చోట టైల్సు, ప్లైవుడ్డు, కరెంటు సామాను దుకాణాలు. గేటు వేసిన కాలనీల్లో కాపలా, ఇంటిపని, తోటపని, డ్రైవరు పని. కాంక్రీటు కలిపే ప్లాంట్ల లారీలు రాత్రి పగలు తిరుగుతుంటాయి. భూమి మిగుల్చుకున్న కొద్దిమంది బిల్డరుతో వాటాకు ఇచ్చి అద్దెలు తీసుకుంటున్నారు; వారి బతుకు బాగుపడ్డది, కాదనలేం. కానీ పెట్టుబడి పెద్దది కావలసిన వ్యాపారాలన్నీ బయటివారి చేతుల్లో ఉన్నాయి. చిన్న కిరాణం మీద సూపర్‌మార్కెట్టు పడింది, దాని మీద ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో సరుకు తెచ్చే కంపెనీలు పడ్డాయి. ఆ సరుకు మోసే కుర్రవాళ్లలో ఆ చుట్టుపక్కల పల్లెలవారూ ఉన్నారు. తండ్రి పండించి అమ్మినచోట కొడుకు ఎవరో పండించినది మోస్తున్నాడు.

ఈ నియోజకవర్గానికి అభివృద్ధి కొత్త కాదు. దానితోపాటు వచ్చే నష్టమూ కొత్త కాదు. వెనుకబడిన మెదక్ జిల్లాను పైకి తేవాలని 1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ నెలకొల్పారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక పరిశ్రమల జోరు ఇంకా పెరిగింది. బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం వరుసగా ఫ్యాక్టరీలతో నిండాయి. మందుల ముడిసరుకుకు దేశంలోనే పేరుపడ్డ ప్రాంతమైంది. ఎన్ని వేల కుటుంబాలు ఆ జీతాల మీద నిలబడ్డాయో అందరికీ తెలుసు. నక్కవాగు నీళ్ల రంగు మారినదీ అందరికీ తెలుసు. వాగు కింది వరి మడులు చౌడు తేలాయి, బోర్లలో రసాయనం వాసన వచ్చింది, పశువులు చచ్చాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక గాని ఊళ్లకు మంచినీళ్లు, రైతులకు పరిహారం అన్న మాటలు వినిపించలేదు. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వదిలిన నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు వేసుకున్న రోగి నెత్తుట్లో ఉండేదానికన్నా ఎక్కువది. శుద్ధి చేశాక సంగతి ఇది!

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను పొట్టన పెట్టుకున్నది. చనిపోయినవారిలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు చాలామంది. స్థానికులకు ఉద్యోగాలని చెప్పి భూములు తీసుకున్న వాడలో, ప్రాణాపాయం ఉన్న పని చేయడానికి వేరే రాష్ట్రాల పేదలను తేవలసి వచ్చిందంటే, ఉద్యోగాల మాట ఎక్కడ నిలిచిందో ఆలోచించవలసిందే. ఊరి పిల్లలు ఆ పనికి పోరు; ఊరి పిల్లలు కోరే పనికి వారిని పిలవరు.

తెల్లాపూర్‌లో ఫ్యాక్టరీ పొగ లేదు గదా అనవచ్చు. ఇక్కడి బెడద వేరు. వేల ఇళ్లు లేచాయి; వాటి మురుగు ఎటు పోతుంది? పల్లం ఎటుంటే అటు. మేళ్లచెరువు వంటి చెరువులు పొలాలకు నీరిచ్చే రోజులు పోయి కాలనీల మురుగు చేరే గుంటలుగా మారుతున్నాయి. పక్కనే అమీన్‌పూర్ పెద్దచెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. కంచె, కాపలా, కాస్త పట్టుదల ఉంటే చెరువు బతుకుతుందనటానికి ఆ ప్రకటన ఒక ఆధారం. ప్రకటన ఒక్కటే చాలదనటానికి దాని చుట్టూ లేచిన కట్టడాలు మరో ఆధారం. మరో విడ్డూరం: మంజీరా, సింగూరు నీళ్లు ఈ జిల్లా నుంచే దశాబ్దాలుగా గొట్టాల్లో నగరానికి పోతున్నాయి. 1965లో మొదలైన ఏర్పాటు అది. గొట్టం పక్కన ఉన్న ఊళ్లు మాత్రం ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలం చూశాయి.

ఇక అందరూ గమనించవలసిన సంగతి మరొకటి. ఊరు పట్నంలో కలిసిందంటే రోడ్లు, దీపాలు వస్తాయని మాత్రమే ప్రజలు అనుకుంటారు. కలిసిన మరునాటి నుంచి కొన్ని చట్టాలు వర్తించటం మానేస్తాయి, కొన్ని కొత్తగా మెడకు చుట్టుకుంటాయి. ఆ లెక్క ఏ అధికారీ గ్రామసభలో చెప్పడు.

ఉపాధి హామీ పని గ్రామీణ ప్రాంతాలకే. 2018లో తెల్లాపూర్, కొల్లూరు, వెలిమెల పురపాలికలో కలిసిన రోజునే అక్కడి కూలీలకు ఆ హక్కు పోయింది. ప్లాట్లు అమ్ముకున్నవారికి అది లెక్కలోది కాదు. భూమి లేని కూలీకి, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవారికి, అది బియ్యం బస్తా, మందు గోళీ. వారికి బదులు పని ఏమిటని అడిగిన దాఖలా లేదు.

భూసేకరణ పరిహారం సంగతి ఇంకా ముఖ్యం. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం, గ్రామీణ ప్రాంతంలో భూమి తీసుకుంటే మార్కెట్ విలువను పట్నానికి ఉన్న దూరాన్నిబట్టి రెండింతల దాకా గుణించవచ్చు. పట్టణ ప్రాంతమైతే గుణకం ఒకటే, అంటే పెంపు లేదు. ఆ పైన రెండుచోట్లా నూటికి నూరు సొలేషియం కలుపుతారు. లెక్క వేసి చూడండి. మార్కెట్ విలువ 50 లక్షలుగా తేలిన ఎకరానికి, గుణకం రెండయిన పల్లెలో రెండు కోట్లు వస్తే, పురపాలిక హద్దులో ఒక కోటి వస్తుంది. మట్టి అదే, రైతు అతడే. బోర్డు మారింది, అంతే. జాతీయ రహదారులకు తీసుకునే భూములకూ 2015 జనవరి నుంచి ఇదే లెక్క.

ఇందులో రైతులు తమ చేతులారా తెచ్చుకునే నష్టం ఒకటున్నది. మార్కెట్ విలువను అధికారులు రిజిస్ట్రేషను విలువలనుబట్టి, గత మూడేళ్ల దస్తావేజుల్లో రాసిన ధరలనుబట్టి కడతారు. స్టాంపు ఖర్చు కలిసివస్తుందని దస్తావేజులో సగం ధర, పావు ధర రాయించే అలవాటు ఊరూరా ఉంది. కొన్నవాడు చెప్పినట్టల్లా సంతకం పెట్టిన ఆ తక్కువ ధరే, రేపు పక్కచేను రైతుకు పరిహారం నిర్ణయిస్తుంది. నలుగురు చేసిన పని నలభై మందికి తగులుతుంది.

మూడోది ఆదాయపు పన్ను. వ్యవసాయ భూమి అమ్మితే పన్ను లేదని పల్లెల్లో గట్టి నమ్మకం. గ్రామీణ సాగుభూమికే అది నిజం. పురపాలిక, నగర హద్దుల్లో ఉన్న భూమికి ఆ మినహాయింపు లేదు. పది లక్షల జనాభా దాటిన నగరమైతే, దాని హద్దు నుంచి తిన్నగా 8 కిలోమీటర్ల లోపు ఉన్న సాగుభూమికీ లేదు. జనాభా లక్షకు లోపు ఉన్న చిన్న పురపాలికకు ఈ దూరం 2 కిలోమీటర్లే. చిన్న పురపాలికలను తెచ్చి మహానగరంలో కలిపితే ఏమవుతుంది? హద్దు జరుగుతుంది, హద్దుతో పాటు ఆ 8 కిలోమీటర్ల గీతా జరుగుతుంది. నగరంలో కలవని పల్లెలు కూడా, ఇప్పటికీ సర్పంచి పాలనలో ఉన్నవి కూడా, ఆ గీత లోపలికి వస్తాయి. భూమి అమ్మి ఇల్లు కట్టేసిన రైతుకు నోటీసు వచ్చాక గాని ఈ సంగతి తెలియకపోతే అది ఎంత అన్యాయం! అమ్మకానికి ముందు రెండేళ్లు తానో తన తల్లిదండ్రులో సాగు చేసిన భూమి అయితే, వచ్చిన లాభంతో రెండేళ్లలోపు మరోచోట సాగుభూమి కొనుక్కున్నవారికి మినహాయింపు దొరుకుతుంది. ఈ ఒక్క ముక్క ప్రతి పంచాయతీ గోడ మీద రాయించవచ్చు. మండలానికి ఒక ఆడిటరును పిలిపించి చెప్పించటం జిల్లా యంత్రాంగానికి భారం కాబోదు.

తెల్లాపూర్ గతాన్ని ఇంత వివరంగా తవ్వి చూడవలసి వచ్చింది రాబోయే రోడ్డు కోసం. నగరం చుట్టూ ఇంకా పెద్ద వలయంగా ప్రాంతీయ రింగు రోడ్డు తలపెట్టారు. దాని ఉత్తర భాగం సంగారెడ్డి దగ్గర మొదలై తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 160 కిలోమీటర్లు. ఔటర్‌తో తెల్లాపూర్‌కు ఏది జరిగిందో, ఈ రోడ్డుతో మరికొన్ని పల్లెలకు అదే జరుగుతుంది. ఇప్పటికే చేల గట్ల మీద కార్లు ఆగటం, హోటళ్ల దగ్గర నక్షాలు విప్పటం మొదలైంది. భూమి అమ్మవద్దని ఎవరూ రైతుకు చెప్పలేరు. నష్టాల సేద్యం చేస్తూ కూర్చోమని పట్నంలో ఉన్నవారు చెప్పటం ఇంకా చెల్లదు. కానీ మొత్తం అమ్మేసినవాడికీ కొంత మిగుల్చుకున్నవాడికీ తేడా తెల్లాపూర్‌లో కళ్లారా చూడవచ్చు. ఇక అసైన్డు భూములు కొంటామని వచ్చేవారిని ఊళ్లోకి రానివ్వకపోవటమే మేలు. 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. డబ్బు తిన్నదీ దక్కదు, భూమీ దక్కదు.

కొత్త సర్పంచులు పదవిలోకి వచ్చిన మొదటి ఏడాదే చేయించవలసిన పని చెరువుల హద్దులు. ఊరి చెరువు నిండితే నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో ఊళ్లో ముసలివారికి తెలుసు. శిఖం భూమి ఎంత, అలుగు ఎటు, వాగు వెడల్పెంత అన్నది నీటిపారుదల, రెవెన్యూ అధికారుల చేత కొలిపించి రాళ్లు పాతించాలి. భూమి ధర పెరగకముందు రాయి పాతటానికి ఒక పూట చాలు. ధర పెరిగాక పదేళ్ల కోర్టు కావాలి. శ్మశానం, పశువుల బాట, బడి మైదానం, అంగడి జాగా కూడా ఇదే తీరు. తెల్లాపూర్ చుట్టూ లేచిన కాలనీల్లో లోపల తోటలున్నాయి, ఈత కొలనులున్నాయి. పాత ఊరి పిల్లలు ఆడుకోవటానికి జాగా వెతుక్కోవాలి.

నష్టాల జాబితాయే చదివితే ఏకపక్షమవుతుంది. పట్నం దగ్గరికి రావటంలో జిల్లా రైతుకు పెద్ద లాభం ఒకటుంది. దాన్ని ఎవరూ అందుకోవటం లేదు. కొల్లూరులో ప్రభుత్వం 117 బ్లాకుల్లో 15,660 రెండు పడకగదుల ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించింది. అన్నీ నిండితే ఇంటికి నలుగురు చొప్పున 60 వేల పైచిలుకు జనం. జిల్లాలో కొన్ని పట్టణాలకే అంత జనాభా ఉండదు. ఇంటికి అర లీటరు పాలు లెక్కవేసినా రోజుకు 7,830 లీటర్లు. చుట్టూ ఉన్న అపార్టుమెంట్లు దీనికి అదనం. వీరంతా పాలు, కూరగాయలు, గుడ్లు ఎక్కడినుంచో వచ్చినవి కొంటున్నారు. జహీరాబాద్ అల్లం, ఆలుగడ్డ, కోహీర్ జామ పండించే జిల్లా ఇది. ఈ సరుకంతా దళారి చేతిలో నగరం మార్కెటుకు పోయి, మళ్లీ కొల్లూరుకు తిరిగి రావటంలో ఎవరికి లాభం? రైతుబజార్లు 1999 నుంచి నడుస్తున్న ఏర్పాటు. కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. కొల్లూరులో ఒకటి, తెల్లాపూర్‌లో ఒకటి పెట్టి, జిల్లా పల్లెల నుంచి తెల్లవారుజామున బస్సులో గంపలు తెచ్చుకునే వీలు కల్పిస్తే, మహిళా సంఘాల వారు మిగతాది చూసుకుంటారు. వందల ఎకరాలు అపార్టుమెంట్లకు దొరికిన చోట బజారుకు ఎకరం దొరకదంటే నమ్మేవారు లేరు.

తెల్లాపూర్ విలీనం ఎటూ జరిగిపోయింది. ఇంటిపన్ను, ఖాళీ జాగా పన్ను ఇక పెద్ద ఖజానాలో పడతాయి. పాత ఊళ్లలో వసూలైన దానిలో ఎంత తిరిగి అక్కడ ఖర్చయిందో ఏటా ఊరివారీగా ప్రకటించాలి. పంచాయతీ రోజుల్లో జనన, మరణ పత్రానికో, పింఛను కాగితానికో నడిచివెళ్లి కార్యదర్శిని పట్టుకునేవారు. సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చొని అడిగేవారు. ఇకమీదట దానికోసం ముసలివారు రెండు బస్సులు మారి వెళ్లవలసి రాకుండా, వెలిమెల, ఈదులనాగులపల్లి, కొల్లూరు పాత పంచాయతీ భవనాల్లో వారానికి రెండు రోజులైనా ఒక అధికారి కూర్చోవాలి. భవనాలు ఉన్నాయి, కుర్చీలూ ఉన్నాయి. మనిషిని పంపటమే తరువాయి.